పేరు మాత్రమే ఉన్న కాగితం



కిందటి వారం హైదరాబాదు నుంచి ఒక తోటి సేవకుడు మాకు ఫోను చేశారు. వారి సంఘంలో ఏడెనిమిది కుటుంబాలు పిల్లల్ని బడికి పంపకుండా ఇంటి దగ్గరే చదివించుకుంటున్నాయట. ఆ పిల్లల బొమ్మలూ రాతలూ ఒకచోట పెట్టి చిన్న ప్రదర్శన చేయాలని వారి ఆశ. "అన్నా, కరోనా రోజుల్లో మీరు ఇలాంటిది పెట్టారని విన్నాను. ఏమేం కొన్నారు, ఎన్ని రోజులు పట్టింది, కాస్త చెప్పండి" అని అడిగారు. ఏమేం కొనాలో అయిదు నిమిషాల్లో చెప్పేశాం. ఫోను పెట్టేశాక మాత్రం మనసులో గుచ్చుకుంది. అసలు చెప్పవలసింది చెప్పకుండా తప్పించుకున్నాం. అది మాకు సిగ్గు కలిగించిన సంగతి. ఫోనులో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా ఒక తేడా చెప్పాలి. ఆ పిల్లలది తల్లిదండ్రులు ఎంచుకున్న ఇంటి చదువు. మా పిల్లలది మీద పడిన ఇంటి చదువు. 2020 మార్చి మూడో వారంలో బడులు మూతపడ్డాయి. తొమ్మిది, పది తరగతుల వాళ్లకి నవంబరు 2న తెరిచారు. ఒకటి నుంచి అయిదు తరగతుల పసివాళ్లు మళ్లీ బడి గుమ్మం తొక్కింది 2021 ఫిబ్రవరి 1న. అంటే చిన్నపిల్లలకి పది నెలలకు పైగా ఇల్లే బడి, అమ్మే మాస్టారు.

మా సంతబొమ్మాళి ప్రాంతం ఎరగని వారికి నాలుగు మాటలు. ఒక పక్క భావనపాడు, మూలపేట వైపు సముద్రం. ఇంకో పక్క నౌపడా ఉప్పు మడులు. ఉత్తరంగా వెళితే ఉద్దానం జీడి తోటలూ కొబ్బరి తోటలూ. మగవాళ్లలో చాలామంది పనులకి దూరం పోతారు. కొందరు చెన్నై, కొందరు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీదికి. ఇంట్లో ఒకటే ఫోను ఉంటే అది తండ్రితో పాటే వెళ్లిపోతుంది. దూరదర్శన్ సప్తగిరి ఛానెల్‌లో పాఠాలు వచ్చేవి నిజమే. టీవీ ముందు కూర్చోబెట్టి, అర్థం కానిది విడమర్చి చెప్పే మనిషి ఎంతమందికి ఉన్నారు? ఆ అక్టోబరులో ప్రభుత్వం విద్యా కానుక కింద పుస్తకాలూ సంచులూ ఇచ్చింది. కొత్త నోటు పుస్తకాల వాసన చూసి పిల్లలు మురిసిపోయారు. వాటిలో ఏం రాయాలో చెప్పేవాళ్లు అందరికీ లేరు.

క్రిస్మస్ అయిపోయాక మాకొక ఆలోచన వచ్చింది. ఇన్ని నెలలు పిల్లలు ఇంట్లో ఏం నేర్చుకున్నారో అందరికీ చూపిద్దాం, తల్లులకి ధైర్యం వస్తుంది అనుకున్నాం. "ఇంటిబడి ప్రదర్శన" అని పేరు పెట్టాం. సంక్రాంతి వెళ్లాక ఒక శనివారం, ఆదివారం. ప్రతి బిడ్డా సొంతంగా గీసిన ఒక బొమ్మ, సొంతంగా రాసిన ఒక పేజీ తేవాలి. ఇదీ నియమం. టెక్కలి వెళ్లి తెల్ల కాగితాలు, రంగు పెన్సిళ్లు, నైలాన్ తాడు, బట్టలు ఆరేసుకునే క్లిప్పులు తెచ్చాం. మందిరం గోడలకి మేకులు కొట్టి తాడు కట్టాం. కిటికీలన్నీ తెరిచి పెట్టి, మాస్కులు ఉన్నవాళ్లనే పదేసి మందిగా లోపలికి పంపాలని అనుకున్నాం. ఖర్చు పెద్దగా కాలేదు.

ధైర్యం కోసమే అన్నాం గదా, అది సగం నిజం. మిగతా సగం కూడా చెప్పుకోవాలి. టెక్కలి నుంచీ పలాస నుంచీ కొందరు పెద్దలను పిలిచాం. మా సంఘం పిల్లలు వెనకబడిపోలేదని, మా పరిచర్య బాగా జరుగుతోందని వారు చూడాలని మా మనసులో ఉంది. అప్పుడు ఆ మాట మాలో మేము కూడా ఒప్పుకోలేదు.

ముప్పై ఒక్కమంది పిల్లలు కాగితాలు తెచ్చారు. ఎంత బాగున్నాయో! తేలినీలాపురంలో ప్రతి ఏడూ వచ్చి చెట్ల మీద గూళ్లు పెట్టే విదేశీ కొంగల్ని అయిదుగురు గీశారు. ఒక పిల్లవాడు నోవహు ఓడ గీశాడు. అది అచ్చం మా భావనపాడు బోటే. పైన జెండా, పక్కన నంబరు, లోపల ఏనుగు, దాని పక్కనే ఐసు పెట్టె! 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను మీకు గుర్తుండే ఉంటుంది. అప్పటికి ఏడెనిమిదేళ్ల పిల్లలు ముగ్గురు, ఎవరూ చెప్పకుండానే, పడిపోయిన కొబ్బరి చెట్లు గీశారు. ఒక పాప చెట్లన్నీ ఒకే వైపు తలలు వాల్చినట్టు గీసి, కింద తాత ఒక్కడూ కూర్చున్నట్టు పెట్టింది. ఆ తాత ముఖంలో కళ్లు గీయలేదు. ఎందుకమ్మా అని అడిగితే, "అప్పుడు తాత నా వైపు సూడనేదు" అంది.

రాతల దగ్గర మేము ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాం. "నాను" అని ఉంటే "నేను" అని దిద్దాం. "ఎల్లినాం" అని ఉంటే "వెళ్లాం" అని దిద్దాం. అయిదారు కాగితాలు అయ్యాక మా ఇల్లాలు అడ్డం వచ్చింది. "అలా దిద్దుకుంటూ పోతే పిల్లల మాట ఎక్కడుంటుందండీ? మీ మాటే ఉంటుంది" అంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు మా జిల్లావారే. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉండి సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు. ఆగస్టు 29 వస్తే ఆయన పేరు చెప్పుకుని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. జనవరిలో ఎర్ర పెన్ను పట్టుకునేసరికి ఆయన గుర్తు రాలేదు. పెన్ను జేబులో పెట్టేశాం.

శుక్రవారం రాత్రి కాగితాలు తాడుకి తగిలిస్తున్నాం. బాగున్నవి గుమ్మానికి ఎదురుగా, అంత బాగులేనివి వెనక గోడకి. అంతా అయ్యాక నిలబడి చూసుకున్నాం. గుమ్మానికి ఎదురుగా మొదటి వరుసలో మా పిల్లలవి ఉన్నాయి. వాటి పక్కన ఒక టీచరు గారి పిల్లలవి, దుకాణం వారి పిల్లవాడిది. ఆ పిల్లలందరికీ ఇంట్లో ఫోను ఉంది, బల్ల ఉంది, చదువుకున్న తల్లో తండ్రో ఉన్నారు. వెనక గోడ మీద ఉన్నవి బోట్ల మీదికి పోయిన వాళ్ల పిల్లలవి, ఉప్పు మడుల్లో పని చేసేవాళ్ల పిల్లలవి, జీడిపిక్కల పనికి పోయే తల్లుల పిల్లలవి. మేము బొమ్మల్ని బట్టి వరస పెట్టామనుకున్నాం. ఎవరింట్లో ఏముందో ఆ లెక్క ప్రకారమే వరస కుదిరింది. అది చూసీ మేము ఏమీ మార్చలేదు. పొద్దుపోయింది, పడుకున్నాం.

ఇక అసలు సంగతి. అయిదో తరగతి పిల్లవాడొకడు ఉన్నాడు. తండ్రి వేరావల్‌లో బోటు మీద. తల్లి జీడిపప్పు పొట్టు తీసే పనికి పోతుంది, వాడూ పక్కన కూర్చుని చెయ్యి వేస్తాడు. వాడు తెచ్చిన బొమ్మ చక్కగా ఉంది. సముద్రంలో బోటు, దాని మీద చెయ్యి ఊపుతున్న మనిషి. రాత కాగితం మీద మాత్రం వాడి పేరు ఒక్కటే ఉంది. నాలుగు అక్షరాల పేరు, అందులో ఒక అక్షరం తిరగబడి ఉంది. కింద పేజీ అంతా ఖాళీ.

శనివారం పొద్దున్నే వాడి తల్లిని పక్కకి పిలిచాం. "అమ్మా, బొమ్మ చాలా బాగుంది, అది పెడదాం. ఈ రెండోది తీసేద్దాం. నలుగురూ చూస్తే బిడ్డ చిన్నబోతాడు" అన్నాం. ప్రేమతోనే అంటున్నామని అనుకున్నాం. ఆవిడ కాగితం చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది. ఆవిడకి చదువు రాదు. తరవాత ఇలా అంది:

"ఆడికి వొచ్చింది అంతేనండి అయ్యగారూ. దాసేస్తే మిగతాది వొచ్చెస్తాదేటండి?"

మాకు జవాబు లేదు. ఆవిడే వెళ్లి ఆ కాగితాన్ని బొమ్మ పక్కన క్లిప్పు పెట్టి తగిలించింది. వాడు దాని కింద గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

జనం వచ్చారు. పెద్దలు వచ్చి మొదటి వరుస చూసి మెచ్చుకున్నారు. మా పిల్లల తలలు నిమిరారు. వెనక గోడ దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ఆ కాగితం చూసి నవ్వారు. వాడు కిందికి చూశాడు గాని అక్కడి నుంచి కదల్లేదు. మేము ఆ నవ్వు విని, పెద్దలతో మాట్లాడుతున్న మాట ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాం. ఇది రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.

ఆదివారం ఆరాధన అయిపోయాక, జనం పలచబడ్డాక, ఒక తల్లి మా ఇల్లాలి దగ్గరికి వచ్చింది. తన కూతురి పేజీ ముందు వరుసకి దగ్గరలోనే ఉంది, ముత్యాల్లాంటి అక్షరాలు. "అమ్మగారూ, అది మా గుంట రాసినాది కాదండి. మా మరిది కూతురు సేత రాయించినాం. మాదానికి సదవడం రాదు" అని ఏడ్చింది. ఆ ఖాళీ కాగితం చూశాక తనకి రాత్రి నిద్ర పట్టలేదట. కాసేపటికి ఇంకో ఆవిడ వచ్చింది. సాయంత్రానికి మొత్తం నలుగురు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. మేము పిల్లవాడి రాత దాచాలనుకున్న కారణమే వాళ్లదీ. పిల్లలు చిన్నబోకూడదని.

ఆ రాత్రి మేమిద్దరం మందిరంలో కూర్చుని మార్కు సువార్త 12వ అధ్యాయం చదువుకున్నాం. మన ప్రభువు కానుకపెట్టె ఎదుట కూర్చుని, జనం కానుకలు ఎలా వేస్తున్నారో చూస్తూ ఉన్నాడు. ధనవంతులు విస్తారంగా వేశారు. ఒక బీద విధవరాలు రెండు కాసులు వేసింది. ఆ సంగతి మనకందరికీ తెలుసు. ఆదివారం కానుకల ముందు ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్క లేదు. కాని ఆ రాత్రి ఒక్క సంగతి మమ్మల్ని పట్టుకుంది. ప్రభువు ఆవిడ కాసుల్ని పెంచలేదు, దాచలేదు. ఆవిడ పక్కన నాలుగు ఎక్కువ కాసులు పెట్టి ఆవిడ పరువు కాపాడాలని చూడలేదు. శిష్యులను దగ్గరికి పిలిచి, ఉన్నది ఉన్నట్టు చూపించాడు. ఎవరు ఎంత మిగుల్లోంచి ఇచ్చారో, ఎవరు లేమిలోంచి ఇచ్చారో ఆయనకు తెలుసు.

మా పిల్లల పేజీ మిగుల్లోంచి వచ్చింది. ఆ పిల్లవాడి నాలుగక్షరాలు లేమిలోంచి వచ్చాయి. మేము గోడ దగ్గర ప్రభువు కూర్చున్న చోట కూర్చోలేదు. డబ్బు మోత ఎటు వినబడితే అటు చూసిన జనంలా చూశాం.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆ పిల్లవాడి కాగితం గొప్పది అని పొగిడి, దండ వేసి, ఇంటికి పంపేస్తే అదీ మోసమే. వాడికి చదువు కావాలి. పొగడ్తతో ఆ ఖాళీ పేజీ నిండదు. ఆ మరుసటి వారం ముప్పై ఒక్కమందినీ ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, రెండో తరగతి వాచకం చదివించాం. తొమ్మిదిమంది చదవలేకపోయారు. మందిరం వరండాలో సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు వరకు వాళ్లకి చదువు మొదలుపెట్టాం. చెప్పింది ఎక్కువగా మా ఇల్లాలు. టీచరు గారు వారానికి రెండు రోజులు వచ్చారు. మా పెద్దమ్మాయి కూడా చెప్పింది. మొదట్లో విసుక్కుంది, తరవాత అలవాటు పడింది.

ఈ సందర్భంలో సుసన్నా వెస్లీ గారి సంగతి చదివాం. జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీల తల్లి. ఇంగ్లండులో ఎప్‌వర్త్ అనే ఊళ్లో పాస్టరు గారి ఇంట్లో, బతికి బట్టకట్టిన పదిమంది పిల్లలకి ఇంటి దగ్గరే చదువు చెప్పింది. అయిదేళ్లు నిండగానే ఒక్క రోజులో అక్షరాలన్నీ నేర్పేదట. ఇద్దరు ఆడపిల్లలకి మాత్రం ఒకటిన్నర రోజు పట్టింది. వాళ్లు మందబుద్ధులని తాను అప్పుడు అనుకున్నానని, బయట పిల్లలకి ఎంత కాలం పడుతుందో చూశాక ఆ అభిప్రాయం మార్చుకున్నానని 1732లో కొడుకు జాన్‌కి రాసిన ఉత్తరంలో ఒప్పుకుంది. అంత గొప్ప తల్లి కూడా తన పిల్లల విషయంలో తొందరపడి తీర్పు తీర్చింది. దాన్ని దాచకుండా కాగితం మీద పెట్టింది. ఆ మాట మాకు ఆదరణ ఇచ్చింది.

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో దేవుడు తల్లిదండ్రులకు ఇచ్చిన ఆజ్ఞ చూడండి. ఇంట కూర్చున్నా, దారిన నడుస్తున్నా, పడుకునేటప్పుడూ లేచేటప్పుడూ పిల్లలకు నేర్పాలి. అందులో చదువు వచ్చిన తల్లిదండ్రులకు మాత్రమే అని లేదు. ఆ పిల్లవాడి తల్లికి అక్షరం రాదు. కాని ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవడం ఆవిడ కొడుక్కి నేర్పింది. వేదాంత పాఠశాలలో చదివి డిప్లొమా తెచ్చుకున్న మేము ఆ శనివారం మా పిల్లలకి నేర్పింది దానికి తిరగబడ్డది.

ఆ తరవాత రెండో అల వచ్చింది. 2021 ఏప్రిల్‌లో బడులు మళ్లీ మూశారు, ఆగస్టు 16న గాని తెరవలేదు. మే నెలలో కొన్నాళ్లు మేమూ ఆపాం. మిగతా రోజుల్లో ముగ్గురేసి చొప్పున, దూరం దూరంగా కూర్చోబెట్టి సాగించాం. ఆ ఏడు క్రిస్మస్ కార్యక్రమంలో ఆ పిల్లవాడు లూకా సువార్త రెండో అధ్యాయం నుంచి నాలుగు వచనాలు చదివాడు. ఒక పేరు దగ్గర ఆగిపోయాడు. మందిరం అంతా నిశ్శబ్దం. ఎవరూ అందించలేదు, ఎవరూ నవ్వలేదు. మూడుసార్లు కూడబలుక్కుని చదివి ముందుకు పోయాడు. వాడిప్పుడు పదో తరగతికి వచ్చాడు. లెక్కల్లో ఇంకా వెనకే ఉన్నాడు. తొమ్మిదిమందిలో ఇద్దరు మధ్యలోనే బడి మానేశారు. ఒకడు తండ్రితో బోటు ఎక్కాడు, ఒక అమ్మాయికి పెళ్లి చేసేశారు. అది కూడా దాచకుండా రాస్తున్నాం.

హైదరాబాదు తమ్ముడూ, ఇప్పుడు మీరు అడిగినదానికి జవాబు. తాడు, క్లిప్పులు సరే. బహుమతులు పెట్టకండి. మీ పిల్లలవి వెనక గోడకి తగిలించండి. తల్లిదండ్రులు దిద్దిన కాగితం కంటే పిల్లలు తప్పులతో రాసిన కాగితమే అడిగి తెప్పించుకోండి. రాయలేని బిడ్డ ఉంటే వాడికీ చోటు ఉంచండి. వాడు చేతితో చేసింది, నోటితో చెప్పేది ఏదైనా తెమ్మనండి. ప్రతి కాగితం కింద ఆ బిడ్డే నిలబడి తన మాటలో చెప్పాలి. ఇంటి చదువుకి మన దేశంలో ప్రత్యేకంగా ఒక చట్టం లేదు. ఇంట్లో చదివినవాళ్లు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పది, ఇంటర్ పరీక్షలు రాసుకోవచ్చు. ఆ కాగితాల పని ఎలాగో వచ్చిన తల్లిదండ్రులకు చెప్పే మనిషిని ఒకరిని అక్కడ కూర్చోబెట్టండి. ప్రదర్శన అయిపోయిన మర్నాడు ఏం చేస్తారో ముందే అనుకోండి. మేము అనుకోలేదు. ఒక తల్లి మాట వల్ల మాకు మర్నాడు అనేది దొరికింది.

ఆ నాలుగు అక్షరాల కాగితం మా దగ్గర లేదు. వాడే ఇంటికి తీసుకుపోయాడు. ఆ మధ్య వాళ్లింటికి ప్రార్థనకి వెళ్తే గోడకి బోటు బొమ్మ ఉంది, దాని పక్కన ఆ కాగితమూ ఉంది. తిరగబడిన అక్షరం పక్కన, అదే అక్షరం సరిగ్గా రాసి ఉంది. ఎప్పుడు రాశాడో మేము అడగలేదు.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, మాకు లేనిది ఉన్నట్టు చూపించుకునే బుద్ధి తీసివేయి. పిల్లల్ని నువ్వు చూసినట్టు చూసే కళ్లు మాకివ్వు. చూసినదాన్ని విడిచిపెట్టకుండా, మర్నాడు పని చేసే ఓపిక మాకివ్వు. దూరాన బోట్ల మీద ఉన్న తండ్రులను కాపాడు. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.